దేహదార్ఢ్యం, ఆరోగ్యం: చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి సీమ

మనిషి తన రోజువారీ పనిని మితిమీరిన అలసట లేకుండా ముగించుకొని, ఆపైన అనుకోని అవసరానికీ, ఇష్టమైన ఆటపాటలకూ సరిపడా సత్తువను మిగుల్చుకోగల శరీర స్థితిని దేహదార్ఢ్యం అంటారు. ఆరోగ్యం దానికంటె విశాలమైనది. అవయవాలు తమ పని తాము సరిగా చేయడం, మనసు కుదురుగా ఉండడం, నలుగురితో కలిసి బ్రతకగలగడం అనే మూడూ అందులో ఇమిడి ఉంటాయి. 1946లో రూపొంది 1948 ఏప్రిల్ 7న అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగం, రోగం లేకపోవడం ఒక్కటే ఆరోగ్యం కాదని నిర్వచించింది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే సుశ్రుత సంహిత, దోషాలు, జఠరాగ్ని, ధాతువులు, మలక్రియలు సమస్థితిలో ఉండడంతో పాటు ఆత్మ, ఇంద్రియాలు, మనస్సు ప్రసన్నంగా ఉన్నవాడినే స్వస్థుడని పేర్కొన్నది.

లోకవ్యవహారంలో ఈ రెంటినీ ఒకటిగా చూడడం పరిపాటి. కండలు తిరిగినవాడు ఆరోగ్యవంతుడనీ, సన్నగా ఉన్నవాడికి జబ్బులు రావనీ, పొలంపని చేసేవాడికి వేరే వ్యాయామం అక్కరలేదనీ చాలామంది నమ్ముతారు. ఈ నమ్మకాలు ఎంతవరకు నిలుస్తాయో పరిశీలించడానికి కర్ణాటకలో తెలుగు మాట్లాడే చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి సీమ తగిన ఆధారం. ఇక్కడి జనం కష్టజీవులు, ఇక్కడి తిండి బలమైనదని పేరుపడినది. అయినా ఆ కష్టమూ ఆ తిండీ ఆరోగ్యానికి పూచీ పడలేకపోవడానికి కారణాలు చాలావరకు వ్యక్తి చేతిలో లేనివి.

సీమ స్వరూపం

చిక్కబళ్ళాపురం జిల్లా 2007లో కోలారు జిల్లా నుండి విడివడి ఏర్పడింది. బాగేపల్లి బెంగళూరు-హైదరాబాదు రహదారి మీద ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు ఆనుకొని ఉండగా, చింతామణి మదనపల్లె వైపు వెళ్ళే దారిలో పెద్ద సంతగా, వ్యాపార కేంద్రంగా ఎదిగింది. ఇళ్ళలో తెలుగు, బడిలోనూ కచేరీలోనూ కన్నడం వాడే జనం ఇక్కడ అధికం. పెన్న, పాలారు, చిత్రావతి, పాపాఘ్ని వంటి నదులు ఈ కొండల పరిసరాల్లోనే పుడుతున్నా, ఏడాది పొడవునా పారే ఏరు ఒక్కటీ లేదు. ఏటా సగటున 700 మిల్లీమీటర్ల చుట్టుపక్కల కురిసే వాన, దానిని పట్టి ఉంచే చెరువులు, వాటి కింద బావులు ఒకప్పటి ఆధారం. చెరువులు పూడి, బావులు ఎండిన తర్వాత బోర్లు వచ్చాయి. కొన్ని చోట్ల అవి వెయ్యి అడుగుల లోతును కూడా దాటాయి. నీటి లోతుకూ దేహదార్ఢ్యానికీ సంబంధమేమిటన్న సందేహం సహజమే గాని, ఈ సీమ ఆరోగ్య చరిత్రలో అంతకంటె ముఖ్యమైన సంబంధం మరొకటి లేదు.

దేహం గురించిన ఆదర్శాలు

చింతామణికి దగ్గరలోని కైవారాన్ని స్థానిక సంప్రదాయం మహాభారతంలోని ఏకచక్రపురంగా చెప్పుకుంటుంది. భీముడు బకాసురుణ్ణి చంపినది ఇక్కడేనని విశ్వాసం. భీమలింగేశ్వరాలయం అందుకు గుర్తుగా నిలిచింది. అదే కైవారంలో తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు చెప్పిన యోగి నారేయణుడు, జనం నోట కైవార తాతయ్య, నూరేళ్ళకు పైబడి జీవించాడని చెబుతారు. ఒకే ఊరు బాహుబలానికి ఒక ఆదర్శాన్నీ, నియమంతో కూడిన దీర్ఘాయువుకు మరొక ఆదర్శాన్నీ నిలుపుకోవడం గమనించదగినది. బలం, ఆయువు వేరువేరు గుణాలనీ, ఒకటున్నచోట రెండవది ఉండి తీరాలన్న నియమం లేదనీ నేటి శరీరధర్మశాస్త్రం కూడా చెబుతుంది.

బలసాధన సంప్రదాయం పల్లెల్లో గరిడీ రూపంలో నడిచింది. మట్టి నేల మీద కుస్తీ, కర్రసాము, దండేలు, బస్కీలు, గుండ్రాయిని భుజానికెత్తడం వంటివి అందులో భాగం. పాత కోలారు సీమ నుండి వచ్చిన కె. వి. అయ్యర్ (జననం 1897) బెంగళూరులో హెర్క్యులిస్ వ్యాయామశాల నెలకొల్పి, పాశ్చాత్య బరువుల సాధనను సూర్యనమస్కారాలతో, యోగాసనాలతో జోడించాడు. ఆ మేళవింపు పద్ధతి అందువల్ల మైసూరు దేశంలో చదువుకున్న వర్గాలకు చేరింది. చిక్కబళ్ళాపురం పక్కనున్న ముద్దేనహళ్ళిలో తెలుగు కుటుంబంలో 1861లో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, నూరేళ్ళు నిండిన తర్వాత 1962 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. ఆయన మల్లుడు కాడు, సన్నని మనిషి. మితాహారం, నడక, వేళ తప్పని దినచర్య ఆయన ప్రసిద్ధ లక్షణాలు. ఒక్క జీవితం నుండి శాస్త్ర సూత్రాన్ని తీయకూడదు. అయినా ఆరోగ్యానికి దేహ పరిమాణం కొలత కాదని చూపడానికి ఆయన పేరు చాలు.

దేహదార్ఢ్యపు అంగాలు

శారీరక చలనం, వ్యాయామం, దేహదార్ఢ్యం అనే మూడు మాటలను విడదీసి చూపిన ప్రామాణిక వివరణ 1985లో కాస్పర్సన్, పవెల్, క్రిస్టెన్సన్ అనే ముగ్గురు అమెరికా పరిశోధకుల నుండి వచ్చింది. కండరాలు కదిలి శక్తి ఖర్చయ్యే ప్రతి పనీ చలనమే. దార్ఢ్యం పెంచుకోవాలన్న ఉద్దేశంతో క్రమబద్ధంగా, పదేపదే చేసే చలనం వ్యాయామం. వాటి వల్ల సమకూరే గుణసముదాయం దార్ఢ్యం. ఆరోగ్యంతో ముడిపడిన దార్ఢ్యానికి దమ్ము, కండబలం, కండల ఓర్పు, కీళ్ళ వంపు, దేహపు కూర్పు అని అయిదు అంగాలను లెక్కిస్తారు. ముసలితనంలో వీటికి నిలకడ, అంటే పడిపోకుండా నిలబడగల శక్తి తోడవుతుంది.

దమ్ము అంటే గుండె, ఊపిరితిత్తులు, రక్తం, కండరాలు కలిసి ప్రాణవాయువును అందుకొని వాడుకునే శక్తి. పరిపూర్ణ శ్రమలో శరీరం నిమిషానికి ఎంత ప్రాణవాయువును వాడుకోగలదో దానినిబట్టి దమ్మును కొలుస్తారు. ఊరకే కూర్చున్న మనిషి, కిలో బరువుకు నిమిషానికి సుమారు 3.5 మిల్లీలీటర్ల ప్రాణవాయువును వాడతాడు; ఈ పరిమాణాన్ని ఒక మెట్ అంటారు. గంటకు అయిదు కిలోమీటర్ల నడకకు సుమారు మూడున్నర మెట్లు, మేడమెట్లు ఎక్కడానికి ఎనిమిది మెట్ల దాకా అవసరం. 1,478 మీటర్ల ఎత్తున్న నందికొండకు సుల్తాన్‌పేట వైపు నుండి వెయ్యికి పైగా రాతిమెట్ల దారి ఉంది. దానిని ఆగకుండా ఎక్కగలిగినవాడి గుండెకు మామూలు రోజున పడే పని దాని సామర్థ్యంలో సగమైనా ఉండదు. నాలుగు మెట్ల శ్రమకే ఆయాసపడేవాడికి బజారుకు వెళ్ళిరావడమే గుండె సామర్థ్యపు అంచు. మిగులు అన్న మాటకు శాస్త్రంలో ఉన్న అర్థం ఇదే. జ్వరం, శస్త్రచికిత్స, కాన్పు, కాలు విరగడం వంటి కష్టాల్లో శరీరం ఖర్చుపెట్టేది ఈ మిగులునే.

కండబలానికి అందరికీ అందుబాటులో ఉన్న కొలత చేతిపట్టు. 17 దేశాల్లో దాదాపు 1,40,000 మందిని పరిశీలించి 2015లో ప్రచురించిన ప్యూర్ అధ్యయనంలో భారతదేశం కూడా ఉంది. పిడికిలి పట్టు తగ్గినకొద్దీ మరణపు ముప్పు పెరిగిందనీ, ఆ సూచన రక్తపోటు కొలత కన్నా గట్టిగా పనిచేసిందనీ అది తేల్చింది. పట్టు బలమే ఆయుష్షును పొడిగిస్తుందని దీని అర్థం కాదు. ఒళ్ళంతటి కండ స్థితిని చెయ్యి చూపిస్తుందని మాత్రమే.

దేహపు కూర్పు అంటే బరువులో కొవ్వు ఎంత, కండ ఎంత, ఎముక ఎంత అన్న లెక్క. కిలోల బరువును మీటర్ల ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే దేహ ద్రవ్యరాశి సూచికను దీనికి బదులుగా వాడడం అలవాటైంది గాని, భారతీయుల విషయంలో అది తరచు మోసం చేస్తుంది. పుణెకు చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో తమ ఫొటోను పక్కపక్కన ప్రచురించుకున్నారు. ఇద్దరి సూచికా 22.3, కొవ్వు మాత్రం యుడ్కిన్‌లో 9.1 శాతం, యాజ్ఞిక్‌లో 21.2 శాతం. సన్నని చేతులు, కాళ్ళు, లోపల పేగుల చుట్టూ కొవ్వు ఉండే ఈ దేహరీతి వల్ల భారతీయులకు తక్కువ బరువులోనే మధుమేహం వస్తుంది. అందుకే ఆసియా జనాలకు సూచిక 23 దగ్గరే జాగ్రత్త అవసరమనీ, నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదనీ వైద్యులు హద్దు పెట్టారు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే దేశంలో 10.1 కోట్లమంది మధుమేహులున్నారని అంచనా వేసింది. చింతామణి బజారులో గల్లాపెట్టె దగ్గర పగలంతా కూర్చునే సన్నని వర్తకుడు, ఊబకాయుడిలాగే ఈ లెక్కలోకి రావచ్చు.

కాయకష్టం వ్యాయామమేనా

చలనానికీ గుండెజబ్బుకూ సంబంధాన్ని మొదట గట్టిగా చూపినది 1953లో జెరెమీ మారిస్ లండన్ బస్సు సిబ్బంది మీద చేసిన పరిశోధన. రెండంతస్తుల బస్సులో రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు, కూర్చొని నడిపే డ్రైవర్ల కంటె గుండెజబ్బు తక్కువ. తర్వాత అతడే యూనిఫారాల కొలతలు తీసి, ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలోనే డ్రైవర్ల నడుములు లావుగా ఉన్నాయని కూడా కనిపెట్టాడు. తన వాదాన్ని బలహీనపరిచే వివరాన్ని తానే వెతికి ప్రచురించడం శాస్త్రజ్ఞుడి నిజాయితీకి మంచి ఉదాహరణ.

ఈ ఫలితాన్నిబట్టి కూలిపని చేసేవారందరూ సహజంగానే ఆరోగ్యవంతులన్న భావన స్థిరపడింది. గడచిన రెండు దశాబ్దాల్లో డెన్మార్కుకు చెందిన ఆండ్రియాస్ హోల్టర్‌మన్ బృందం దానిని ప్రశ్నించింది. తీరిక వేళ చేసే వ్యాయామం గుండెకు మేలు చేస్తుండగా, బ్రతుకుతెరువు కోసం గంటల తరబడి చేసే బరువుపని అదే మేలు చేయకపోవడమే కాక, కొందరిలో కీడు చేస్తున్నట్టు కనిపించింది. వ్యాయామం కొద్దిసేపు గట్టిగా సాగి, తర్వాత విశ్రాంతి ఇస్తుంది; వేగం, విరామం చేసేవాడి చేతిలో ఉంటాయి. కూలిపని వేగం మేస్త్రీ చేతిలోనో, పంట చేతిలోనో ఉంటుంది. గుండె రోజంతా కొద్దిగా ఎక్కువ వేగంతో కొట్టుకుంటుంది, రక్తపోటు దిగే వేళ దొరకదు, ఒకే కీలు ఒకే దిక్కున వేల మార్లు వంగుతుంది.

చింతామణి టమోటా మార్కెట్టులో పదిహేను కిలోల చొప్పున నింపిన బాక్సులను లారీకెత్తే హమాలీ ఇందుకు ఉదాహరణ. అతడి భుజాలు, తొడలు బలిష్ఠంగా ఉంటాయి. వెన్నుపూసల మధ్యనుండే మెత్తని బిళ్ళలు మాత్రం మెలితిరిగి ఎత్తిన ప్రతి బరువుకూ నలుగుతాయి. కలుపు తీసే కూలి స్త్రీ రోజంతా నడుము వంచే ఉంటుంది. ఆమెకు ఓర్పు అపారం, కాని వెన్నును వెనక్కి వంచే కండరాలకు ఎదురు సాధన ఎన్నడూ దొరకదు. పట్టుపురుగుల పెంపకంలో ఇబ్బంది మరో విధమైనది. పురుగు నాలుగో జ్వరం, అంటే నాలుగవసారి కుబుసం విడవడం దాటాక, తన జీవితకాలంలో తినే ఆకులో ఎక్కువ భాగాన్ని చివరి వారంలోనే తింటుంది. ఇంటిల్లిపాదీ మల్బరీ కోసి, మోసి, రాత్రిళ్ళు లేచి మేత వేసి, పండిన పురుగులను ఏరి, అవి గూళ్ళు కట్టే చంద్రికల తట్టల మీద వదలాలి. ఆ వారం చలనానికి కొదవ ఉండదు. కండరం కోలుకొని బలపడడానికి కావలసిన నిద్రకే కొదవ. గూళ్ళను వేడినీటిలో వేసి దారం తీసే రీలింగు పనివారికి ఆవిరి, పొగ, పురుగు కోశపు మాంసకృత్తుల వల్ల చర్మవ్యాధులు, ఉబ్బసం వచ్చే ముప్పు ఉంది.

కనుక పొలంపని చేసేవారికి వ్యాయామం అక్కరలేదన్న మాట సగమే నిజం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ చలనాన్నీ, రెండు రోజుల కండబల సాధననూ సూచించింది. మొదటి లెక్కను ఈ సీమ రైతు రెండు రోజుల్లోనే దాటేస్తాడు. అతడికి కావలసినవి పనికి ఎదురు దిక్కున శరీరాన్ని చాచే పది నిమిషాలు, బరువెత్తే సరైన పద్ధతి, మధ్యాహ్నపు నీడ, రాత్రి నిద్ర. నడక అవసరమైనది బెంగళూరుకు రోజూ బస్సులోనో రైలులోనో పోయి కూర్చొని పనిచేసి వచ్చే చిక్కబళ్ళాపురం ఉద్యోగికి. ఇద్దరికీ ఒకే సలహా ఇచ్చే ఆరోగ్య ప్రచారం ఇద్దరికీ పనికిరాదు.

ముద్ద, అనపగింజలు

ఈ సీమ తిండికి వెన్ను రాగిముద్ద. నూరు గ్రాముల రాగుల్లో 340 నుండి 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో అది పది మిల్లీగ్రాముల చుట్టుపక్కలే. పీచు కూడా సుమారు 11 గ్రాములు. మాంసకృత్తులు మాత్రం ఏడు గ్రాములే, అందులోనూ లైసిన్ అనే ఆమ్లం తక్కువ. ఆ లోటును చలికాలంలో అనపకాయలు, వాటి గింజలను నానబెట్టి పొట్టు పితికి చేసే పితికిపప్పు, మిగతా కాలంలో ఉలవలు, అలసందలు పూరించాయి. ధాన్యంలో లేనిది పప్పులో, పప్పులో లేనిది ధాన్యంలో ఉండడం వల్ల ముద్దా, అనపగింజల పులుసూ కలిసి ఒకదానినొకటి పూరించుకునే భోజనమయ్యాయి.

రాగులకు ఇటీవల దొరికిన కీర్తిలో కొంత అతిశయోక్తి కూడా ఉంది. మెత్తగా విసిరిన రాగిపిండి రక్తంలో చక్కెరను గణనీయంగానే పెంచుతుంది కనుక, మధుమేహి పెద్ద ముద్దలు రెండు తిని రాగి మందని భావించడం పొరపాటు. అందులోని టానిన్లు, ఫైటేట్లు ఇనుమును, కొంతవరకు కాల్షియాన్ని ఒంటబట్టనివ్వవు. మొలకెత్తించి విసిరితే ఆ అడ్డు తగ్గుతుంది. చౌకడిపో బియ్యం వచ్చాక ముద్ద తినే పూటలు తగ్గిన ఇళ్ళలో సమస్య రాగి తగ్గడం ఒక్కటే కాదు, దానితోపాటు పళ్ళెంలోంచి పప్పు, ఆకుకూర కూడా జారిపోవడం. ఇంటింటా ఆవులున్నా, పొద్దున్నే డైరీకి పోసే పాలలో ఇంటి పిల్లలకు మిగిలేది ఎంతన్నది ప్రతి కుటుంబమూ వేసుకోవలసిన లెక్క.

నీరు, ఎముక, కీలు

ఈ ప్రాంతపు భూమి కింద గ్రానైటు, నైస్ శిలలున్నాయి. వాటిలోని ఫ్లోరైటు, అపటైటు, నల్లని అభ్రకం వంటి ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిన నీరు, ముఖ్యంగా క్షారగుణం ఎక్కువై కాల్షియం తక్కువైన నీరు, ఫ్లోరైడును కరిగించుకుంటుంది. చెరువునీటికీ చేదబావి నీటికీ రాతితో అంత పొత్తు లేదు. బోరు లోతుకు పోయినకొద్దీ ఆ పొత్తు పెరుగుతుంది. బాగేపల్లి తాలూకా కర్ణాటకలో ఫ్లోరైడు బెడద బాగా నమోదైన ప్రాంతాల్లో ఒకటి. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకపోవడం మంచిదనీ, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఓర్చవచ్చుననీ భారతీయ ప్రమాణం చెబుతుంది. ఫ్లోరైడు ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ వ్యాధిని దేశంలో మొదట 1937లో వర్ణించినది కూడా తెలుగు నేల మీదే, నాటి నెల్లూరు జిల్లాలో. తర్వాత నల్లగొండ పేరు దీనితో ముడిపడిపోయింది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుగుకు దించే పద్ధతికి ఆ జిల్లా పేరే పెట్టారు.

ఫ్లోరైడు ఎముకలోని ఖనిజంలో చేరి దానిని మరింత దట్టంగా, అయితే పెళుసుగా మారుస్తుంది. ఎముకలను కట్టిపట్టే స్నాయువుల్లో సున్నం పేరుకొని కీళ్ళు బిగుసుకుంటాయి; మొదట నడుమునొప్పి, పిక్కల లాగుడు, తర్వాత మెడ తిప్పలేకపోవడం, ముదిరితే వెన్నెముక వెదురుబొంగులా బిగిసి గూని తేలడం. 2008-09లో మొదలైన జాతీయ ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ కార్యక్రమంలో ఆరోగ్య కార్యకర్తలు ఊళ్ళలో మూడు తేలిక పరీక్షలు చేస్తారు. మోకాళ్ళు వంచకుండా ముందుకు వంగి కాలివేళ్ళను అందుకోవాలి. గడ్డాన్ని రొమ్ముకు ఆనించాలి. చేతులు రెండూ మడిచి తల వెనుకభాగాన్ని తాకాలి. వ్యాయామ విద్యాలయాల్లో కీళ్ళ వంపును కొలిచే పరీక్షలకూ వీటికీ దాదాపు తేడా లేదు. బెంగళూరులో ఒక యువకుడు కాలివేళ్ళు అందుకోలేకపోతే సాధన చేయమని చెబుతారు. బాగేపల్లి పల్లెలో నలభై ఏళ్ళ కూలి అందుకోలేకపోతే అతడు తాగే నీటిని పరీక్షించవలసి ఉంటుంది. ఒకే చేష్ట రెండుచోట్ల రెండు వేరు కారణాలను తెలుపుతుంది.

మరొక కఠినమైన లెక్క ఉంది. ఒంట్లోకి చేరే ఫ్లోరైడు పరిమాణం నీటిలోని మోతాదు మీదే కాక, తాగే నీటి కొలత మీద కూడా ఆధారపడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములున్న నీటిని రోజుకు రెండు లీటర్లు తాగే గుమాస్తాకు మూడు మిల్లీగ్రాములు చేరితే, ఎండలో పనిచేసి అయిదు లీటర్లు తాగే కూలికి ఏడున్నర చేరుతుంది. ఎవరు ఎక్కువ చెమటోడ్చి దేహాన్ని కష్టపెడతారో, వారి ఎముకకే ఎక్కువ విషం అందుతుంది. చలనం మేలు చేస్తుందన్న సాధారణ సూత్రం కలుషితమైన నీటి దగ్గర తలకిందులవుతుంది. కాల్షియం పేగుల్లో ఫ్లోరైడును పట్టి బయటికి పంపగలదు కనుక రాగులు, పాలు కొంత అడ్డు నిలుస్తాయి. తిండి బలహీనమైన ఇంట్లో అదే నీరు ఎక్కువ కీడు చేస్తుంది. అయితే తిండి నీటికి మందు కాదు. వాననీటిని తొట్లలో పట్టుకోవడం, పల్లెల్లో పెట్టిన శుద్ధనీటి కేంద్రాల నుండి తాగడానికీ వంటకూ నీరు తెచ్చుకోవడం, చెరువులకు పూడిక తీసి భూగర్భ జలాన్ని పైకి తేవడం అనేవి ప్రధానమైన దారులు. బెంగళూరులోని హెబ్బాళ, నాగవార లోయల మురుగును శుద్ధిచేసి ఈ జిల్లా చెరువులకు మళ్ళించే పథకం చెరువులను నింపింది గాని, అది నేరుగా తాగడానికి ఉద్దేశించిన నీరు కాదు. ఆ నీటి నాణ్యతను నిరంతరం పరీక్షించవలసిన బాధ్యత దానితోనే వచ్చింది.

పొగ, రక్తం

దమ్ముకు ఊపిరితిత్తులు ఎంత ముఖ్యమో, వాటినుండి ప్రాణవాయువును మోసే రక్తం అంతే ముఖ్యం. కట్టెపొయ్యి పొగ మొదటిదాన్నీ, రక్తహీనత రెండవదాన్నీ దెబ్బతీస్తాయి. రెండూ ఎక్కువగా స్త్రీలకే. పొగ విషయంలో బాగేపల్లి దేశానికి ఒక మంచి మార్గం చూపింది. 1970ల చివరి నుండి ఇక్కడ పనిచేస్తున్న అడాట్స్ సంస్థ అండతో ఎదిగిన కూలీ సంఘం, క్యోటో ఒప్పందపు స్వచ్ఛాభివృద్ధి విధానం కింద 5,500 కుటుంబాలకు రెండు ఘనమీటర్ల గోబర్‌గ్యాసు తొట్లు కట్టించే పథకం చేపట్టింది. కర్బన ఉద్గారాల తగ్గింపును ధనిక దేశాలకు అమ్మగా వచ్చిన సొమ్ముతో పేదల వంటగదిలో పొగను ఆపాలన్నది దాని ఏర్పాటు. పేడనీళ్ళు కలిపి తొట్టిలో పోస్తే పొయ్యి నీలిమంటతో వెలుగుతుంది, కట్టెల కోసం గుట్టలెక్కే గంటలు మిగులుతాయి, దగ్గు తగ్గుతుంది. వ్యాయామం మాటే లేకుండా దమ్మును కాపాడిన పథకమది.

రక్తహీనత విషయంలో అంతటి విజయం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కర్ణాటకలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 47.8 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాముల కంటె తగ్గిన స్త్రీ అదే బరువును, అదే దూరాన్ని మోస్తుంది. అయితే ఆమె గుండె అందుకు మరిన్ని సార్లు కొట్టుకోవాలి. చూసేవారికి ఆమె గట్టిమనిషే. ఆమె మాత్రం తన మిగులును ప్రతి రోజూ సాయంత్రానికి ఖర్చుచేసి, కాన్పు నాటికి ఏమీ మిగలని స్థితికి చేరుతుంది. ఇనుము మాత్రలు అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తల ద్వారా అందుతున్నాయి. భోజనం వెంటనే కాఫీ, టీ తాగడం మానడం, ఆకుకూరతో నిమ్మరసం తీసుకోవడం ఆ మాత్రలకు బలమిస్తాయి.

ఆరోగ్యంలో మొదట చెప్పుకున్న మరో భాగమైన మనసు సంగతిని ఇక్కడ క్లుప్తంగానే చెప్పవచ్చు. కైవారంలో తాతయ్య కీర్తనలు పాడే భజన బృందాలు, పల్లెల్లో కోలాటం, చెక్కభజన జనాన్ని కలిపి ఉంచడమే కాక శరీరాన్ని లయలో కదిలించే సాధనాలు కూడా. చింతామణి తాలూకాలోని మురుగమల్ల దర్గాకు మనోవ్యాధులతో బాధపడేవారిని కుటుంబాలు ఇప్పటికీ తీసుకువస్తాయి. నమ్మకంతో పాటు మనోవైద్యుడి సాయం కూడా అందేలా చూడడం ఇప్పటి అవసరం.

కొలుచుకోవడం ఎలా

దార్ఢ్యాన్ని అంచనా వేయడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. నిద్ర లేవగానే మణికట్టు నాడి నిమిషానికి 60 నుండి 100 లోపు ఉండాలి. సాధన ఉన్నవారిలో అది తక్కువగా ఉంటుంది. కుర్చీలోంచి చేతులానించకుండా 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలరో చూస్తే తొడల బలం తెలుస్తుంది. నేల మీద బాసింపట్టు వేసి కూర్చొని, చెయ్యీ మోకాలూ ఆనించకుండా లేవగలగడం బలం, వంపు, నిలకడ మూడింటినీ ఒకేసారి చూపుతుంది. బ్రెజిల్ పరిశోధకులు 2012లో ఈ పరీక్షలో వచ్చిన మార్కులకూ తర్వాతి ఏళ్ళ మరణాలకూ సంబంధం ఉన్నట్టు చూపారు. నేల మీద కూర్చొని తినే ఇళ్ళలో పెద్దలు ఈ సాధనను తెలియకుండానే రోజూ చేస్తూ వచ్చారు, డైనింగు టేబుళ్ళు వచ్చిన ఇళ్ళలో అది ఆగిపోయింది. నడుము కొలత, రక్తపోటు, పరగడుపు చక్కెర, హిమోగ్లోబిన్ దేహదార్ఢ్యం చెప్పని సంగతులను చెబుతాయి. ఈ సీమలో వీటికి అయిదవదిగా ఇంటి బోరునీటి ఫ్లోరైడు పరీక్ష చేరాలి.

పట్టణాల్లో వ్యాయామశాలలు పెరగడం, పార్కుల్లో ఇనుప సాధనాలు వెలియడం, పొద్దున్నే నందికొండ మలుపుల్లో సైకిళ్ళ వరుసలు సాగడం సంతోషించదగినవే. అయినా ప్రజల సొమ్ముతో ఆరోగ్యాన్ని పెంచదలచిన పంచాయతీకి, పురసభకు వరుస క్రమం తెలిసి ఉండాలి. ముందు వరుసలో ఉండవలసినది నీరు. పంటి మీది పింగాణీ పొర ఎనిమిదేళ్ళలోపు తయారవుతుంది. ఆలోగా ఫ్లోరైడు చేసిన పసుపు, గోధుమ మచ్చలు జన్మలో పోవు. ఎముకలో చేరిన ఫ్లోరైడును బయటికి తీసే మందు కూడా లేదు. అందువల్ల బాగేపల్లి, చింతామణి పల్లెల్లో మంచినీరు మొట్టమొదట చేరవలసినది గర్భిణుల ఇళ్ళకు, అంగన్‌వాడీలకు, ప్రాథమిక పాఠశాలలకు.